అడవి ఖాతాలో మా వంటిల్లు

2117 జూన్ 3, గురువారం. ఉదయం 7.10

ఈ రోజు నుంచి రోజువారీ చిట్టా రాస్తున్నాను. సరదాకు కాదు. ఈ ఇంట్లో మనుషులున్నారని రుజువు చూపాలట. అడవి ఖాతా కచేరీ వాళ్ల పట్టికలో రుజువులు మూడు రకాలు. ఒకటి నీటి వాడకం, రెండు లిఫ్టు వాడకం, మూడు "నివాసి స్వహస్తంతో కనీసం పది రోజులు రాసిన చిట్టా". నీళ్లు, లిఫ్టు రెండూ పొద్దున్నే ఆగిపోయాయి. మిగిలింది నా చేతిరాత.

5.30కి కుళాయి తిప్పితే నీళ్లకు బదులు గొంతు వచ్చింది. "ఈ చిరునామాలో మనుషులు లేరు. నీరు వృథా చేయరాదు."

"నేను మనిషినే" అన్నాను. డెబ్భై ఒకటో ఏట కుళాయికి సంజాయిషీ చెప్పుకునే గతి పట్టింది. అది విని, మళ్లీ అదే మాట అంది.

వివరాలు. ఇల్లు: ఎర్రమట్టి దిబ్బల మేడలు, నాలుగో మేడ, తొమ్మిదో అంతస్తు, 906. ఉంటున్నవాళ్లు: నేను, సువ్వారి పైడిలక్ష్మి, నా మనవరాలు రేల, ఇరవై రెండేళ్లు. మా అబ్బాయి, కోడలు సముద్రం మీద ఉప్పునీళ్లు మార్చే తెప్పలో పనిచేస్తారు. మూడు నెలలకొకసారి ఇంటికి వస్తారు. ఈసారి వచ్చేసరికి ఇల్లుంటుందో లేదో తెలియదు. 906ను నిన్న అడవి ఖాతాలో రాశారు. జూన్ 15న కిటికీలు పీకుతారు.

అడవి ఖాతా చట్టం మంచిదే. మనుషులు వదిలేసిన ఇంటికి నీళ్లు ఆపి, కిటికీలు తీసి, గింజలు చల్లితే రెండు వానాకాలాలకు గోడలు పచ్చబడతాయి, ఊరు చల్లబడుతుంది. ఆ చట్టం కిందే నేను ముప్ఫై ఒక్క ఏళ్లు పనిచేశాను. ఖాళీ ఇళ్లలో ఏ మొక్క మొలిచిందో చూసి, పేరు రాసి, పటం మీద సంతకం పెట్టడం నా ఉద్యోగం. అయితే మా ఇల్లు ఖాళీగా లేదు. అందులో నేనున్నాను.

ఇది ఎలా జరిగిందో రేలకు తెలుసు. తల వంచుకుని చెప్పింది. రేల బొమ్మలు వేస్తుంది. పలక మీద, వేలితో. ఈ మధ్య జనానికి ఒక ముచ్చట పుట్టింది: తమ ఇల్లే అడవి పట్టినట్టు బొమ్మ వేయించుకుని గోడతెర మీద పెట్టుకుంటున్నారు. సోఫాలో గడ్డి, మంచం కింద పుట్టగొడుగులు. ఉన్న ఇల్లు తుడుచుకోలేనివాళ్లకు ఇదొక సుఖం. ఏప్రిల్‌లో రేల మా వంటిల్లు వేసింది. పొయ్యిలోంచి కుప్పింటాకు, ఫ్యానుకు దొండతీగ, నా కుర్చీ నిండా నాచు.

"నా కుర్చీలో నేనేదీ?" అని అప్పుడే అడిగాను.

"నువ్వు వెళ్లిపోయి చాన్నాళ్లయింది మామ్మా" అంది, ఉప్మాలో ఉప్పు తగ్గిందని చెప్పినంత తేలిగ్గా.

ఆ బొమ్మను మేడలవాళ్ల ఉమ్మడి కొట్టులో అమ్మకానికి పెట్టిందట. కొట్టు చూసే యంత్రం అది బొమ్మ అనుకోలేదు. పటం అనుకుని కచేరీకి పంపింది.

నీళ్లు: డ్రమ్ములో 61 లీటర్లు. సరిచూశాను. సు. పై.

జూన్ 4, శుక్రవారం

డ్రమ్ములో నీళ్లు వంటకు మాత్రమే. మిగతా వాటికి ఎనిమిదో అంతస్తు బంగారమ్మ ఇంటి నుంచి తెచ్చుకున్నాం. పూటకు పన్నెండు లీటర్లు. పద్దెనిమిది మెట్లు దిగడం, పద్దెనిమిది ఎక్కడం. కిందికి పోయి కూరలు తేవాలంటే నూట అరవై రెండు. లిఫ్టు మా వేళ్లను గుర్తుపట్టడం మానేసింది.

బంగారమ్మ బిందె నింపుతూ నవ్వు ఆపుకోలేకపోయింది. "ఓలమ్మ! అడివిలో కాపరం ఎట్టీసినావేటి పైడమ్మొదినా? పులులొస్తే నాకో కేకెయ్యి."

"పులులు ఇప్పుడే రావు. ముందు గడ్డి, తరువాత పొదలు, తరువాత చెట్లు. పులికి నలభై ఏళ్లు పడుతుంది."

"దానికీ లెక్కేసీసినావా తల్లీ!"

పదకొండు గంటలకు కిటికీ దగ్గరకు ఎగిరే యంత్రం వచ్చి, వసారాలోకి విత్తుల ఉండలు విసిరింది. మట్టి, పేడ, లోపల గింజలు. ముప్ఫై ఎనిమిది. అప్పుడే కడిగిన గచ్చు. ఉండలు విప్పి, గింజలు ఏరి, పాత పప్పు డబ్బాల్లో పోశాను: కానుగ, వేప, మనవరాలికి పేరిచ్చిన రేల. డబ్బాల మీద పేరు, తేదీ, "సరిచూశాను" రాశాను.

"మామ్మా, నువ్వు పప్పు డబ్బా మీద కూడా సంతకం పెడతావేటి?" అంది రేల.

"చూసినదానికి చూశానని రాయడం తప్పా?"

సరిచూశాను. సు. పై.

జూన్ 5, శనివారం

ఉండలు 41. వాటిలో ఒకటి సాంబారు గిన్నెలో పడింది. సరిచూశాను. సు. పై.

జూన్ 6, ఆదివారం

కచేరీకి సెలవు. అడవికి సెలవు లేదు. ఉండలు 39. సరిచూశాను. సు. పై.

జూన్ 7, సోమవారం

కచేరీకి ఫోను చేశాను. అప్పలసూరి ఎత్తాడు. నా దగ్గర పని నేర్చుకున్నవాడే. ఇప్పుడు ఆ కచేరీకి పెద్ద.

"మేడంగారూ! బావున్నారా? మోకాళ్లెలాగున్నాయండి?"

"మోకాళ్ల సంగతి తరువాత. 906 పటం సరిచూసిన ఆ కళ్లు లేనివాడెవడు?"

అవతల కాగితం కదిలిన చప్పుడైంది. "మేడం... మీరేనండి."

"ఏటి?"

"అడుగున మీ రాతేనండి. సరిచూశాను, సు. పై. పక్కన మీ నంబరు, నాలుగు వందల పదిహేడు. ఆ నంబరుండబట్టే యంత్రం ఇంకెవుల్నీ అడగనేదండి."

"నేను ఉద్యోగం మానేసి తొమ్మిదేళ్లయింది!"

"నంబరు తియ్యాలంటే మీరే సంతకం పెట్టాలండి. ఆ కాయితం అప్పుడే పంపేం. మీరు అందులో రెండు తప్పులు దిద్ది వెనక్కి పంపీసేరు. సంతకం పెట్టనేదండి."

నిజమే. "విరమణ" అన్న మాటను తప్పుగా రాశారు. తప్పుల కాగితం మీద నేను సంతకం పెట్టను.

బొమ్మ మీద నా సంతకం ఎలా పడిందో ఇప్పుడు రాయాలి. ఏప్రిల్ 11న రేల బొమ్మ చూపించింది. మొక్కలు పద్నాలుగు. తప్పులు పదకొండు. దొండతీగ ఫ్యానుకు తాడులా చుట్టుకుంది. దొండ అలా చుట్టుకోదు, సన్నని నులితీగలతో పట్టుకుంటుంది. పడమటి ఎండలో నీడమొక్క పెట్టింది. అక్కడ రెండు రోజులు బతకదు. గోడ పగుల్లో మొలకకు మొండి ఆకులు వేసింది. గోడలో ముందు మొలిచేది రావి, రావాకుకు పొడుగు తోక ఉంటుంది. రేల ఏదో అనబోయింది. "ముందు తోక పెట్టు" అన్నాను. కూర్చోబెట్టి పదకొండూ దిద్దించాను. కింద మొక్కల పేర్లు వరుసగా రాయించాను. అన్నీ సరిగా ఉన్నాక పలక లాక్కుని, ముప్ఫై ఒక్క ఏళ్లుగా రాసినదే రాశాను.

అప్పలసూరి చెప్పిన ఇంకో మాట: రేల మొదటిసారి పెట్టిన బొమ్మను యంత్రం "ఊహ" అని బొమ్మల అరలో పడేసిందట. ఇన్ని తప్పులున్న అడవి ఎక్కడా ఉండదు కాబట్టి. నేను దిద్దాక నమ్మింది.

నా ఇంటిని అడవికి రాసిచ్చింది నేనే.

ఉండలు 40.

జూన్ 8, మంగళవారం

నియమాల పుస్తకం తీశాను. ఈ చిట్టా మనుషులున్నారని చూపుతుందే గానీ, పటాన్ని కొట్టేయలేదు. పటం నుంచి బయటపడే దారులు రెండు.

మొదటిది: ఆ సంతకం ఇంట్లో ఆటగా పెట్టానని ఒప్పుకోవడం. కానీ ఒక్క సంతకం ఆటైతే, ఇరవై రెండో నియమం కింద ఆ నంబరు ఉన్న పటాలన్నీ మళ్లీ విచారణకు వెళ్తాయి. నావి 2,316. విచారణ కోసం 2,316 ఇళ్ల గోడల మీది పచ్చదనం గోకి చూడాలి. వాటిలో ఇప్పుడు చెట్లు ఇంటి కప్పు దాటాయి. ఈ ఒక్క వంటింటి కోసం అంత పచ్చదనం మీద అనుమానం పడనివ్వను.

రెండోది: కచేరీ మనిషి వచ్చి చూడటం. పటంలో రాసిన పద్నాలుగు మొక్కల్లో ఒక్కటీ ఇంట్లో లేకపోతే, అవి ఎండిపోయాయని రాసుకుని ఖాతా కొట్టేస్తారు. సంతకం జోలికి రారు. ఒక్కటున్నా, అది మొలకైనా మానైనా, ఖాతా ఖాయం.

రెండోదానికి దరఖాస్తు పెట్టాను. 14న పది గంటలకు అప్పలసూరే వస్తాడు. నాకు భయం లేదు. ఈ ఇంట్లో ఏనాడూ మొక్క లేదు. మొక్కల్ని నేను బయట లెక్కపెట్టాను, ఇంట్లో మనుషుల్ని.

జూన్ 9, బుధవారం

ఉండలు 37. ఇల్లంతా తుడిచాను. డ్రమ్ము వెనక తుడవబోతే రేల చీపురు లాక్కుంది. "అక్కడ నేను తుడుస్తాలే మామ్మా. నీకు నడుం నొప్పి." ఈ పిల్ల చీపురు పట్టి మూడేళ్లయింది. నా నడుం నొప్పి సంగతి ఇన్నాళ్లకు గుర్తొచ్చిందని సంతోషించాను.

జూన్ 10, గురువారం

డ్రమ్ము అడుగంటింది. ఉండలు 40. చిట్టాకు ఎనిమిది రోజులు నిండాయి.

జూన్ 11, శుక్రవారం

సంతోషించడం పొరపాటు.

ఈ డ్రమ్ము పదకొండేళ్లుగా నిండుగా ఉంది. నిండుగా ఉన్నదాన్ని ఎవరూ కదపలేరు. ఈ రోజు ఖాళీ కాబట్టి కడుగుదామని పక్కకు జరిపాను. గొట్టం గోడలోకి పోయే చోట పగులు. పగుల్లో మొలక. ఆరు ఆకులు.

"రేలా! ఇదేటి?"

"మొక్క."

"అది మొక్కని నాకు చెప్తున్నావా? ఎన్నాళ్లనుంచి?"

"ఉగాదికి ముందు నుంచి." గోడకు ఆనుకుని నిలబడింది. "ఫోటోలు చూసి వేస్తే నువ్వు తప్పులు పడతావు కదా మామ్మా. చూసి వేద్దామని ఉంచుకున్నాను. రోజూ రెండు చెంచాల నీళ్లు పోశాను, అంతే."

రోజుకు పది మిల్లీలీటర్లు. మార్చి నుంచి నా నీటి లెక్కలో సరిగ్గా అంత తేడా వస్తోంది. మీటరు పాడైందని మూడుసార్లు మనిషిని పిలిపించి, మూడుసార్లు తిట్టి పంపాను.

"పటంలో నాలుగో వరుస ఏమిటి?" అని అడిగాను.

"రావి" అంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఒక్కటున్నా ఖాయం అన్నావు. పీకెయ్యనా మామ్మా?" అంటూనే డ్రమ్ముకూ నాకూ మధ్యకు వచ్చి నిలబడింది. పీకేవాళ్లు నిలబడే తీరు కాదది.

కేకలు విని బంగారమ్మ పైకి వచ్చింది. సంగతి విని, చూపుడువేలు, బొటనవేలు కలిపి చూపించింది. "ఇంత మొక్క. పట్టి లాగీసి చెత్తలో ఎయ్యొదినా. ఎవులికి తెలుస్తాది?"

"నాకు తెలుస్తుంది."

"నీకు తెలిస్తే ఏటౌతాది? ఇల్లు పోతే మీరిద్దరూ ఉమ్మడి గదిలో నలభై మందితో తొంగోవాల. కొడుకూ కోడలూ వొచ్చి ఎక్కడ దిగుతారు?"

అది కూడా నాకు తెలుసు. మొలిచినదాన్ని పీకి, ఏమీ మొలవలేదని అప్పలసూరితో రాయించలేను. అతడికి రాయడం నేర్పింది నేను. అలాగని ఇల్లు పోనివ్వలేను. డ్రమ్మును మళ్లీ గోడకు జరిపాను. ఉండలు లెక్కపెట్టలేదు. ఊడ్చేశాను.

జూన్ 12, శనివారం

రేలతో మాటల్లేవు. వంకాయ కూర చేశాను. ఇద్దరం తిన్నాం. ఉండలు 39.

జూన్ 13, ఆదివారం

ఉన్నదాన్ని ఉన్నట్టు రాసుకోవాలి. రేపు అప్పలసూరి కొలిచేలోగా నేనే కొలుద్దామని డ్రమ్ము జరిపి కింద కూర్చున్నాను. మోకాళ్లు వద్దన్నాయి. కూర్చున్నాను.

ఎత్తు 11 సెంటీమీటర్లు. మూడో ఆకు పొడవు 6.2. వెడల్పు 3.1. కొన 0.4.

మళ్లీ కొలిచాను. రేలను పిలిచి చిన్న కొలబద్ద తెప్పించి మూడోసారి కొలిచాను. రావాకు పొడవు, వెడల్పు దాదాపు సమానంగా ఉంటాయి. మొదట్లో హృదయంలా లోపలికి నొక్కుకుని, చివర పొడుగు తోక లాగుతుంది. ఇది పొడవుకు సగం వెడల్పు. మొదలు గుండ్రం. తోక లేదు. చిన్న కొస మాత్రం.

"ఇది రావి కాదు" అన్నాను. "రావికి చుట్టం, జువ్వి."

రేల లేచి వెళ్లి పలక తెచ్చి, ఏప్రిల్‌లో నేను దిద్దకముందు వేసిన బొమ్మ తెరిచి నా ఒళ్లో పెట్టింది. గోడ పగుల్లో మొలక. మొండి ఆకులు. పొడవుకు సగం వెడల్పు. చిన్న కొస. ఆరో ఆకు ఇంకా విచ్చుకోకుండా ఎర్రగా చుట్టుకుని ఉన్న సంగతి కూడా వేసింది.

"దీనికి తోక లేదు మామ్మా అనే చెప్పబోయాను ఆ రోజు" అంది. "నువ్వు ముందు తోక పెట్టమన్నావు."

"ఎందుకు మళ్లీ చెప్పలేదు?"

"నీకు చెప్పడమా!" అని నవ్వింది. రెండు రోజుల తరువాత అదే మొదటి నవ్వు. నాకు నవ్వు రాలేదు.

ఆ రోజు దిద్దిన పదకొండు తప్పుల్లో పది తప్పులు. పదకొండోది ఒప్పు. దాన్ని నేను తప్పు చేశాను.

జూన్ 14, సోమవారం

అప్పలసూరి 10.20కి వచ్చాడు. 906కు వచ్చేవాళ్లకోసమూ లిఫ్టు ఆగదట. నూట అరవై రెండు మెట్లు ఎక్కి, గుమ్మంలో ద్వారబంధం పట్టుకుని నిలబడ్డాడు. మంచినీళ్లిచ్చాను, బంగారమ్మవి.

ముందు ఈ చిట్టా తిప్పి, పది రోజులు దాటాయని రాసుకున్నాడు. తరువాత పటం తీశాడు. పొయ్యి చూశాడు, కుప్పింటాకు లేదు. ఫ్యాను చూశాడు, దొండ లేదు. నా కుర్చీ చూశాడు. కూర్చోమన్నాను. కూర్చోలేదు. నా ఎదుట అతడు ఇరవై ఏళ్లలో ఎప్పుడూ కూర్చోలేదు. ఒక్కొక్క వరుసా కొట్టేస్తూ పోయాడు. నాలుగోది మాత్రం మిగిలింది.

"డ్రమ్ము జరపనా మేడం?"

"జరుపు."

జరిపాడు. వంగి చూశాడు. కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "మేడం... రావి ఉందండి." పటం వైపు చూశాడు. "ఒక్కటున్నా..."

"ఆకు కొలువు."

"అక్కర్లేదండి. గోడ మొలకంటే రావే కదా. మీరే చెప్పేరు."

"కొలువు, అప్పలసూరీ."

కొలిచాడు. ఇంకో ఆకు కొలిచాడు. మెడ తిప్పి నా వైపు చూశాడు, మళ్లీ ఆకు వైపు చూశాడు. "జువ్వండీ! పటంలో రావని ఉంది. పేరు తప్పండి. తప్పు పేరున్న పటం పటమే కాదండి, ముప్ఫై ఒకటో నియమం. ఇదొక్కటీ రద్దు. మిగతా మీ పటాల జోలికి ఎవులూ రారు." అంత సంతోషంలో ఒక్కసారి ఆగాడు. "కాకపోతే మేడం... పొరపాటు పత్రం సరిచూసినవారే రాయాలి. స్వహస్తంతో."

"తెలుసు. ఆ నిబంధన పెట్టింది నేనే."

పత్రం తీసి నా ముందు పెట్టాడు. ఈ కాగితాన్ని ముప్ఫై ఒక్క ఏళ్లు ఇతరుల చేత నింపించాను. అతడి చేత పదిహేడుసార్లు. మొదటి ఏడాది ఇదే రావి, ఇదే జువ్వి.

"గుర్తుందాండి?" అన్నాడు మెల్లగా. "తోక చూడకుండా పేరు పెట్టరాదు అని నాచేత నూటయాభైసార్లు రాయించేరు."

"యాభైసార్లు."

"నూటయాభై మేడం. కాయితాలు దాచుకున్నానండి."

రేల తలుపు చాటుకు పోయి నోరు మూసుకుంది. భుజాలు ఊగడం కనిపిస్తూనే ఉంది.

పేరు, నంబరు, తేదీ రాశాను. రావి కొట్టేసి జువ్వి రాశాను. "కారణం" అన్న గడి దగ్గర పెన్ను ఆగింది. ఖాళీగా వదిలేస్తే వెనక్కి పంపాలన్నది కూడా నా నిబంధనే. ఇతరులు ఈ గడిలో ఎండ ఎక్కువగా ఉందనీ, కళ్లద్దాలు మరిచామనీ రాసేవారు. నాకు ఎండా లేదు, కళ్లద్దాలూ మరవలేదు. చివరికి రాసింది ఇది:

"చూసి వేసిన మనిషి పక్కనే ఉంది. ఆమెను అడగలేదు."

అప్పలసూరి చదివి, మడిచి జేబులో పెట్టుకున్నాడు. రేల తలుపు చాటు నుంచి వచ్చి నా భుజం మీదుగా చదివేసిందని తరువాత తెలిసింది, ఎందుకంటే మధ్యాహ్నం గిన్నెలన్నీ తనే తోమింది, అడగకుండా, బంగారమ్మ నీళ్లతో.

4.05కి కుళాయి మాట్లాడింది. "నివాసులు ఇద్దరు. మొక్క ఒకటి." ఆ వెనకే నీళ్లు వచ్చాయి.

ఇక జరగవలసినవి:

1. రేపు కిటికీలు పీకేవాళ్లు పొరపాటున వస్తే పత్రం నకలు గుమ్మంలోనే చూపాలి. లోపలికి రానివ్వకూడదు. గచ్చు కడిగి ఉంటుంది.

2. నా నంబరు రద్దు చేసే కాగితం మళ్లీ తెప్పించుకోవాలి. అందులో తప్పులుంటే ఉండనిచ్చి, సంతకం పెట్టి పంపాలి.

3. డబ్బాల్లో ఏరిన గింజలు కచేరీకి తిరిగి ఇవ్వాలి. జూన్ 11 నాటివి లెక్కపెట్టలేదని చీటీ మీద రాయాలి.

4. మీటరు మనిషిని పిలిచి, మీటరు మంచిదేనని చెప్పాలి. మూడుసార్లు తిట్టాను కాబట్టి టీ ఇవ్వాలి.

5. వానలకు ముందు జువ్విని కుండీలోకి మార్చాలి. వేరు గొట్టంలోకి పోకముందే. మొక్కను పట్టుకునేది రేల.

6. బొమ్మలో తోక తీసేయాలి. దొండకు నులితీగలు ఉంచాలి, అవి సరైనవే. నా కుర్చీలో నాచు ఉండనీ.

7. బొమ్మ కింద రేల సంతకం ఒక్కటే ఉండాలి. చూపిస్తే చూస్తాను, అడిగితే చెప్తాను. పలక మాత్రం ఆమె చేతిలోనే ఉండాలి.